బేస్ గిటారు వినిపించని పాటలు

కర్ణాటక సంగీత కచేరీలో ప్రధాన గాయకుడెవరో, పక్కవాద్యం ఎవరిదో వేదిక ఎక్కకముందే అందరికీ తెలుసు. బుర్రకథ దళంలో కథకుడి చోటు వేరు, హాస్యం పలికే వంత చోటు వేరు, రాజకీయం పలికే వంత చోటు వేరు, ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో సంప్రదాయమే నిర్ణయించి పెట్టింది. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో పాశ్చాత్య దేశాల్లో రూపుదిద్దుకున్న రాక్ బృందానికి ఇలాంటి కట్టుబాటు ఏదీ లేదు. యుక్తవయసు మిత్రులు నలుగురు తాము సమానులమన్న నమ్మకంతో ఏ కారు షెడ్డులోనో సాధన మొదలుపెడతారు. పాట ఎవరు కట్టాలి, ఎవరి పేరు ముందుండాలి, వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలి, ఎవరినైనా పంపించవలసివస్తే ఆ మాట చెప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు పేరు వచ్చాక గాని పైకి తేలవు. హెవీ మెటల్ అనే సంగీత శాఖలో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది, ఎందుకంటే అందులో వాద్యాలన్నీ ఒకే నమూనాను ఒకే క్షణంలో, వెంట్రుకవాసి తేడా లేకుండా పలకాలి కాబట్టి ఏ ఒక్కరూ మిగిలిన వారిని కాదని నిలబడలేరు. బృందంలో ఎవరికి ఎంత అధికారం ఉందో ఆ బృందం వాయించిన ధ్వనిలోనే వినబడుతుందని చెప్పడానికి అమెరికాకు చెందిన మెటాలికా చరిత్రను మించిన ఉదాహరణ లేదు.

ఆ చరిత్రలోకి వెళ్లేముందు ఈ సంగీతం పుట్టుక కొంత తెలియాలి. విద్యుత్ గిటారు నుంచి వచ్చే సంకేతాన్ని యాంప్లిఫయర్ భరించగలిగిన దానికంటే ఎక్కువగా పెంచినప్పుడు స్వరం చిట్లి, గరుకుగా, నిండుగా మారుతుంది. దీన్నే డిస్టార్షన్ అంటారు. ఆ గరుకు స్వరంతో పాట పొడవునా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరగుచ్ఛానికి రిఫ్ అని పేరు, మెటల్ పాటకు పల్లవి కంటే అదే వెన్నెముక. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల కార్ఖానాలో పనిచేస్తున్న టోనీ అయోమి అనే పదిహేడేళ్ల కుర్రవాడి కుడిచేతి నడిమి వేలి, ఉంగరపు వేలి కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. అతడు ఎడమచేతి వాటం వాడు కనుక తీగలను నొక్కవలసిన వేళ్లు అవే. అతడు ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, గట్టి తీగలను నొక్కలేక సన్నని తీగలు ఎక్కించుకున్నాడు, కొన్నాళ్లకు శ్రుతిని కూడా బాగా దించి తీగలను వదులు చేశాడు. ఆ దిగిన శ్రుతిలో నుంచి వచ్చిన బరువైన ధ్వనే 1970 ఫిబ్రవరిలో వెలువడిన బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బంతో మొదలైన హెవీ మెటల్‌కు గుర్తుగా నిలిచిపోయింది. అంతఃకలహమూ ఆ బృందంతోనే మొదలైంది: గాయకుడు ఓజీ ఆజ్‌బర్న్‌ను 1979లో సహచరులే తొలగించారు, ఆ తర్వాత సభ్యులు విడిపోవడం, కలవడం దశాబ్దాలు సాగి, చివరికి 2025 జూలై 5న తొలి నలుగురూ బర్మింగ్‌హామ్‌లోనే ఆఖరిసారి కలిసి వాయించారు, పదిహేడు రోజుల తర్వాత ఆజ్‌బర్న్ మరణించాడు.

మెటాలికా 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఒక పత్రికా ప్రకటనతో పుట్టింది. తోటి వాద్యకారులు కావాలని ఆ ప్రకటన ఇచ్చిన లార్స్ ఉల్రిక్ డెన్మార్క్ నుంచి వచ్చిన కుర్రవాడు, తండ్రి పేరున్న టెన్నిస్ ఆటగాడు, ఇంట్లో కళలకూ చర్చలకూ కొదవ లేదు. దానికి స్పందించిన జేమ్స్ హెట్‌ఫీల్డ్ మందులను నిరాకరించే క్రైస్తవ శాఖకు చెందిన ఇంట పుట్టి, తండ్రి ఇల్లు విడిచిపోగా, క్యాన్సర్‌కు చికిత్స తీసుకోని తల్లిని కౌమారంలోనే పోగొట్టుకున్నవాడు. ఒకరికి మనసులో ఉన్నదంతా మాటల్లో పెట్టడం అలవాటు, మరొకరికి మౌనమే రక్ష. ఈ ఇద్దరి కలయికే బృందానికి ఇరుసు అయింది, తర్వాతి తగాదాలన్నిటికీ మూలమూ అయింది. ఉల్రిక్ డ్రమ్ములు వాయించేవాడు, హెట్‌ఫీల్డ్ పాడుతూ రిథమ్ గిటారు, అంటే రిఫ్‌ను ఆపకుండా నడిపే గిటారు వాయించేవాడు. సోలోలు, అంటే రిఫ్ మీద ఒంటరిగా సాగే వేగవంతమైన స్వరాలాపనలు, డేవ్ మస్టైన్ వంతు. బేస్ గిటారు, అంటే నాలుగు మందపాటి తీగలతో కింది స్థాయి స్వరాలు పలికే వాద్యం, మొదట రాన్ మెక్‌గవ్నీ చేతిలో ఉండేది. క్లిఫ్ బర్టన్ అనే మరో బేస్ వాద్యకారుణ్ణి చూసి ముగ్ధులైన మిగిలినవారు అతణ్ణి పిలిచినప్పుడు, బృందమే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి తరలివస్తే చేరతానని అతడు షరతు పెట్టాడు, వాళ్లు 1983 తొలి నెలల్లో నిజంగానే తరలివెళ్లారు. ఒక్క బేస్ వాద్యకారుడి కోసం ఊరు మారిన బృందం ఇదేనని గుర్తుంచుకుంటే, తర్వాత అదే వాద్యానికి పట్టిన గతి మరింత బాధ కలిగిస్తుంది.

తొలి ఆల్బం ధ్వనిముద్రణకు న్యూయార్క్ చేరిన కొద్ది రోజులకే, 1983 ఏప్రిల్ 11 ఉదయం, మస్టైన్‌ను నిద్రలేపి బృందం నుంచి తీసేశామని చెప్పి, ఇంటికి వెళ్లే బస్సు టికెట్టు చేతిలో పెట్టారు. అమెరికా ఒక తీరం నుంచి మరో తీరానికి సాగే ఆ బస్సు ప్రయాణం రోజుల తరబడి పట్టింది. తాగుడు, తాగినప్పటి దౌర్జన్యం కారణాలని మిగిలినవారు చెప్పారు, అందులో అబద్ధం ఉన్నట్టు లేదు; కాని తనకు ఒక హెచ్చరిక, ఇంకొక అవకాశం ఇవ్వలేదన్నది మస్టైన్ జీవితకాలపు ఫిర్యాదు, అందులోనూ అబద్ధం లేదు. అదే నెల 16వ తేదీకల్లా కొత్త గిటారు వాద్యకారుడు కర్క్ హామెట్ వేదిక ఎక్కేశాడు. జూలైలో వచ్చిన తొలి ఆల్బంలో నాలుగు పాటలకు మస్టైన్ పేరు సహరచయితగా ఉంది. అతడు మెగాడెత్ అనే సొంత బృందాన్ని స్థాపించి లక్షల ప్రతులు అమ్మాడు, అయినా ఆ ఉదయపు అవమానం ఇరవై ఏళ్ల తర్వాత కూడా అతణ్ణి వదల్లేదు.

తర్వాతి మూడేళ్లు బృందం అత్యుత్తమ కాలం. థ్రాష్, అంటే అతివేగమైన లయనూ బిగుతైన రిఫ్‌లనూ కలిపిన మెటల్ ఉపశాఖ, 1986 మార్చిలో వెలువడిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’తో పరిణతి పొందింది. సంగీతశాస్త్రం చదువుకున్న బర్టన్ మిగిలినవారికి స్వరసమ్మేళన సూత్రాలు నేర్పాడు, అతడి వయసూ నిబ్బరమూ ఇరుసులోని ఇద్దరికీ మధ్య మూడో గొంతుగా పనిచేశాయి. ఇక్కడ ధ్వని నిర్మాణానికి సంబంధించిన ఒక సంగతి చెప్పుకోవాలి. సాధారణంగా రాక్ సంగీతంలో డ్రమ్ములూ బేస్ గిటారూ ఒకదానినొకటి అంటిపెట్టుకుని నడుస్తాయి, గిటారు వాటిమీద వాలుతుంది. మెటాలికాలో మాత్రం ఉల్రిక్ డ్రమ్ములు హెట్‌ఫీల్డ్ కుడిచేతి కదలికను అనుసరిస్తాయి, అందువల్ల బేస్ వాద్యకారుడికి సహజంగా దక్కవలసిన స్థానాన్ని రిథమ్ గిటారు ఆక్రమిస్తుంది. బర్టన్ తన వాద్యానికి కూడా డిస్టార్షన్ జోడించి, సోలోల వంటి స్వరాలు పలికించి, ఆ ఇరుకులో తన చోటు తానే చేసుకున్నాడు. 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బృందం ప్రయాణిస్తున్న బస్సు బోల్తాపడి అతడు మరణించాడు. అప్పటికి అతడి వయసు 24.

దుఃఖం చల్లారకముందే, నెల తిరిగేసరికి కొత్తవారి పరీక్షలు పూర్తయి, జేసన్ న్యూస్టెడ్ ఎంపికయ్యాడు. అతణ్ణి ఆటపట్టించడం, కొత్తవాడని గుర్తుచేయడం, తమ దుఃఖాన్నీ కోపాన్నీ అతడిమీద తీర్చుకోవడం మొదటి నుంచీ సాగాయని మిగిలిన ముగ్గురూ తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు. 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బం వింటే ఆ సంగతిని ఎవరూ ఒప్పుకోవలసిన పని కూడా లేదు: అందులో బేస్ గిటారు దాదాపు వినిపించదు. విడివిడిగా ముద్రించిన వాద్యాల స్థాయులను హెచ్చించి తగ్గించి ఒకటిగా కలిపే పనిని మిక్సింగ్ అంటారు. ఆ పని చేసిన నిపుణుడు స్టీవ్ థాంప్సన్, బేస్‌ను తగ్గించమని ఉల్రిక్ నుంచే ఆదేశం వచ్చిందని చెప్పాడు. ఒక మనిషి గంటల తరబడి వాయించినదాన్ని, అతడు గదిలో లేనప్పుడు, ఒక మీటను కిందికి జరిపి తుడిచేయవచ్చు. వాద్యకారుణ్ణి కొట్టనక్కరలేదు, తిట్టనక్కరలేదు. న్యూస్టెడ్ బృందంలో ఉన్న పద్నాలుగేళ్లలో సహరచయితగా అతడి పేరు కనిపించేది మూడు పాటలకే, ఆ మూడింటిలో ఒకటి ఈ ఆల్బంలోని మొదటి పాట.

1991లో బృందం పేరుతోనే వచ్చిన, నల్ల అట్ట కారణంగా ‘బ్లాక్ ఆల్బం’గా జనం పిలుచుకునే ఆల్బంతో మెటాలికా ప్రపంచ ప్రసిద్ధి పొందింది, నిర్మాత బాబ్ రాక్ నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి వాయింపజేశాడు, బేస్ గిటారు మళ్లీ వినిపించింది, ఒక్క అమెరికాలోనే కోటీ అరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ విజయం గురించి రాసినవారు లెక్కలేనంతమంది, కనుక ఇక్కడ అంతకంటే చెప్పవలసినది లేదు.

అసలు పగుళ్లు పదేళ్ల తర్వాత బయటపడ్డాయి. న్యూస్టెడ్ తీరిక వేళల్లో ఎకోబ్రెయిన్ అనే మరో చిన్న బృందంతో వాయించాలనుకున్నాడు. బయటి బృందంలో చేరడం విధేయత తప్పడమేనని హెట్‌ఫీల్డ్ పట్టుబట్టాడు. 2001 జనవరిలో న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురి మధ్య మాట కుదిర్చేందుకు బృందం యాజమాన్యం ఫిల్ టౌల్ అనే మనస్తత్వ సలహాదారుణ్ణి నెలకు 40 వేల డాలర్ల జీతానికి పెట్టింది. అదే సమయంలో కొత్త ఆల్బం తయారీని చిత్రించడానికి వచ్చిన జో బెర్లింజర్, బ్రూస్ సినోఫ్‌స్కీ అనే దర్శకుల కెమెరా ముందు, ఆల్బం కంటే విలువైన ఒక సామాజిక పత్రం తయారైంది. 2004లో విడుదలైన ఆ డాక్యుమెంటరీ పేరు ‘సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్’.

ఆ చిత్రంలో కనిపించేది కోటీశ్వరుల అహంకారమేనని కొట్టిపారేసినవారు ఉన్నారు. ఆ తీర్పు తొందరపాటు. తాగుడు మాన్పించే చికిత్స కోసం హెట్‌ఫీల్డ్ 2001 వేసవిలో వెళ్లిపోయి, నెలల తర్వాత తిరిగి వచ్చినప్పుడు, రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకే పనిచేస్తానని, ముద్రించిన పాటలను తాను లేనప్పుడు మిగిలినవారు వినకూడదని నియమం పెట్టాడు. కోలుకుంటున్న మనిషికి నియమబద్ధ జీవితం అవసరమే. కాని అతడి నియమం అందరి నియమం కావడమే అధికారమని ఉల్రిక్‌కు తోచింది, ఇరవై ఏళ్లుగా మింగుకున్న కోపం అతడి నోట అరుపుగా బయటికి వచ్చింది. ఇద్దరి మధ్యా నలిగిన హామెట్, ఆల్బంలో గిటారు సోలోలే ఉండకూడదన్న ప్రతిపాదనను నెమ్మదైన గొంతుతో ఎదిరించి ఓడిపోయాడు. 2003 జూన్‌లో వచ్చిన ‘సెయింట్ యాంగర్’లో సోలో ఒక్కటీ లేదు. బేస్ గిటారును సభ్యుడెవరూ కాక నిర్మాత బాబ్ రాక్ వాయించాడు. మస్టైన్ ఉల్రిక్ ఎదుట కూర్చుని, తనను పంపివేసిన ఉదయం గురించి దాదాపు ఇరవై ఏళ్లకు అడిగిన ఘట్టం కూడా ఆ చిత్రంలో ఉంది. పేరుపొందిన మగవాళ్లు తమలో తాము భయాన్నీ దుఃఖాన్నీ మాటల్లో పెట్టడానికి ఎంత అవస్థ పడతారో అంత నిజాయితీగా చూపిన చిత్రాలు తక్కువ, ఆ ముగ్గురూ దాన్ని అడ్డుకోకుండా లోకానికి చూపించడం వారి పాటలంత గొప్ప పని.

2003 ఫిబ్రవరిలో చేరిన రాబర్ట్ ట్రుహియోకు మొదటిరోజే పది లక్షల డాలర్లు ముందుగా ఇచ్చి సమాన సభ్యుడిగా తీసుకున్నారు. 2008 నాటి ఆల్బంలో ప్రతి పాట సంగీతానికీ నలుగురి పేర్లూ వేశారు. కాని 2016 నాటి ఆల్బం వచ్చేసరికి రచయితల జాబితాలో మళ్లీ హెట్‌ఫీల్డ్, ఉల్రిక్ పేర్లే దాదాపు అన్నిచోట్లా నిలిచాయి, హామెట్ పేరు ఒక్క పాటకూ లేదు. సలహాదారుడు మాటతీరు మార్చగలిగాడు, ఇరుసును మార్చలేకపోయాడు. 2009 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో బృందానికి రాక్ సంగీత గౌరవ మందిరంలో స్థానం దక్కినప్పుడు న్యూస్టెడ్, ట్రుహియో ఇద్దరూ బేస్ గిటార్లతో ఒకే వేదికమీద వాయించారు. బర్టన్ తరఫున అతడి తండ్రి గౌరవం అందుకున్నాడు. మస్టైన్‌కు ఆ గౌరవంలో భాగం ఇవ్వలేదు.

మెటాలికా 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో వాయించడానికి వచ్చేనాటికి, మన దేశంలో ఈ సంగీతానికి రెండున్నర దశాబ్దాల చరిత్ర ఉంది. తెలుగు నేలకు అది కొంత ఆలస్యంగా చేరినా వేర్లు పట్టింది. 2014లో విశాఖపట్నంలో ఏర్పడిన ఎగైన్‌స్ట్ ఈవిల్, 1980ల నాటి సంప్రదాయ హెవీ మెటల్‌ను ఇంగ్లీషులో పాడుతూ, 2018లో ‘ఆల్ హెయిల్ ద కింగ్’, 2021లో ‘ఎండ్ ఆఫ్ ద లైన్’, 2023లో ‘గివ్ ఎమ్ హెల్’ ఆల్బంలను వెలువరించింది. హైదరాబాదులో మూలాలున్న గాడ్‌లెస్, గాయకుడు గొంతు లోపలి నుంచి గర్జన వంటి స్వరంతో పాడే డెత్ మెటల్ శాఖలో 2016 నుంచి పాటలు విడుదల చేస్తూ 2021లో పూర్తిస్థాయి ఆల్బం తెచ్చింది. సినిమా పాటకు తప్ప మరో పాటకు బజారు దాదాపు లేని భాషాప్రాంతంలో, ఊళ్లో శ్రోతలు వందల్లో ఉన్నా ఐరోపాలో వేలల్లో దొరుకుతారన్న నమ్మకంతో పనిచేయడానికి చాలా మొండితనం కావాలి.

విశాఖ రేవు నుంచి బయలుదేరే నౌక రెండు మూడు రోజుల్లో చేరే పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం, ఈ తెలుగు నేలకు కొనసాగింపు వంటిదే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ కూలికీ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎక్కువ. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ తంతి 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా ఆ దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడి ఉండేది కనుక, విశాఖ కుర్రవాడు పదిహేనేళ్ల ముందే ఇంట్లో కూర్చుని విన్నదాన్ని దీవి కుర్రవాడు విడవకుండా వినగలిగే అవకాశం ఇప్పుడిప్పుడే కలిగింది. వినడం తేలికైంది, వాయించడం కాలేదు. దక్షిణ అండమాన్ విద్యుత్తులో అధిక భాగం ఇప్పటికీ డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది, యాంప్లిఫయర్ అయినా డ్రమ్ముల సెట్టు అయినా నౌకలోనో విమానంలోనో రావాలి, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా కురిసే వానలోనూ ఉప్పుగాలిలోనూ ఉక్కు తీగలు త్వరగా తుప్పుపడతాయి.

వీటన్నిటికంటే పెద్ద కొరత మనుషులది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు వాద్యకారుడితో మస్టైన్ స్థానాన్ని అయిదు రోజుల్లో నింపగలిగారంటే, ఆ ప్రాంతంలో అతడంత వేగంగా వాయించేవారు ఇంకెందరో ఉన్నారు గనుక. కొద్ది లక్షల జనాభా గల దీవుల్లో డ్రమ్మర్ పై చదువుకు చెన్నైకో విశాఖకో వెళ్లిపోతే అక్కడితో బృందం ముగిసిపోతుంది. కొరత ఉన్నచోట ఒకరినొకరు భరించక తప్పదు కాబట్టి తగాదా తగ్గుతుందని కొందరు అనుకోవచ్చు, నిజానికి అది పైకి రాకుండా లోపల పేరుకుంటుంది, న్యూస్టెడ్‌ను పద్నాలుగేళ్లు పట్టి ఉంచినది కూడా అటువంటి మౌనమే.

ఈ దీవుల్లోనే కార్ నికోబార్ ప్రజల్లో ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ ఉంది. కొబ్బరితోటలూ పందులూ భూమీ వ్యక్తులవి కాక తుహెత్ మొత్తానివి, వాటి వాడకంపై కుటుంబ పెద్ద మాటకు విలువ ఉంటుంది, ఎవరి హక్కు ఎంతో అందరికీ తెలుసు. సంగీత బృందానికి ఉమ్మడి ఆస్తి పాటలు మాత్రమే, వాటి విషయంలో భారతీయ చట్టం స్పష్టంగానే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం సాహిత్యాన్నీ స్వరకల్పననూ వేర్వేరు రచనలుగా గుర్తిస్తుంది. 2012లో చేసిన సవరణ, గీత రచయితా స్వరకర్తా రాయల్టీలో తమ వాటాను ముందుగానే ఎవరికో రాసిచ్చి పోగొట్టుకోకుండా కాపాడింది, పాట కట్టకపోయినా దాన్ని వాయించిన వాద్యకారుడికి ప్రదర్శకుడిగా కొన్ని హక్కులను బలపరిచింది. రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ, 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, ఒక పాటను నమోదు చేసుకునేటప్పుడు దాని రచయితల పేర్లనూ ఒక్కొక్కరి వాటానూ శాతాల్లో రాయమంటుంది. ఒక బేస్ వాద్యకారుడు కూర్చిన నాలుగు స్వరాలు పాట స్వరకల్పనలో భాగమా, లేక కట్టిన పాటకు వాయింపు మాత్రమేనా అన్నది ఆ పత్రం తేల్చదు. అది సాధన గదిలో, అందరూ ఇంకా స్నేహితులుగా ఉన్నప్పుడు, నోరు విప్పి అడిగి తేల్చుకోవలసిన ప్రశ్న.